ఇసుక కింద మోటరు

"మోతర్ వేన్?"

ఫోనులో బాబా అరుపుకు బాలసుబ్బయ్య చెవి గింగురుమంది. మోటరు ఎక్కడ అని అడుగుతున్నాడు యజమాని. ఆ మాత్రం అరబ్బీ సుబ్బయ్యకు వచ్చు. కువైత్‌లో జహ్రా ఊరు దాటాక ఎడారిలో బాబా వాళ్లు చలికాలానికి వేసుకున్న గుడారాలకు కాపలాగా వచ్చి నెల కావస్తోంది మరి.

"మౌజూద్ బాబా!" అన్నాడు. ఉంది, భద్రంగా ఉంది.

"వేన్?"

"తహత్ రమల్. అనా ఫోగ్ నోమ్."

ఇసుక కింద పెట్టాను, దాని మీదే పడుకుంటున్నాను అని తనకొచ్చిన నాలుగు ముక్కలూ కూడబలుక్కుని గర్వంగా చెప్పాడు. ఆ తర్వాత వచ్చిన అరుపుల్లో సుబ్బయ్యకు అర్థమైనవి రెండే మాటలు. షుర్తా అంటే పోలీసులు. సఫర్ అంటే ఊరికి పంపించెయ్యడం. ఫోను కట్టయింది.

సుబ్బయ్యకు ఏడుపొచ్చింది. మెచ్చుకోవాల్సింది పోయి ఈ తిట్లేమిటి? నాలుగు రోజుల కిందటే అటూ ఇటూ గుడారాల్లో జనరేటర్లు మాయమయ్యాయి. ఇనప గొలుసుల్ని దోసకాయలు కోసినట్టు కోసి పట్టుకుపోయారు దొంగలు. "ఇది పోతే దీని వెనకే నువ్వూ పోతావు" అన్నాడు బాబా తన జనరేటరు చూపించి. అందుకే సుబ్బయ్య ఊళ్లో శెనగచేను దగ్గర ఆయిలింజనుకు చేసే ఉపాయమే ఇక్కడా చేశాడు. గొయ్యి తీసి, జనరేటరుకు టార్పాలిన్ చుట్టి దించి, పైన ఇసుక కప్పి చాప పరిచాడు. కావలసినప్పుడు తీయడం, పని కాగానే పూడ్చడం. గుర్రుమని తిరిగేదేదైనా వాళ్ల ఊళ్లో మోటరే.

పక్క గుడారం కాపలాదారు అన్వర్ బాషా టీ కోసం వచ్చాడు. రాయచోటి మనిషి, కువైత్‌లో పన్నెండేళ్లుగా ఉన్నవాడు.

"ఏందిప్పా, మొగం అట్ల పెట్టినావు?"

"బాబా మోటరు యాడుండాదని అడిగినాడు బాషన్నా. ఇసకలో పూడ్చినా అని చెప్పినా. అంతే, పోలీసులంటాండాడు."

బాషా చేతిలో గ్లాసు ఆగిపోయింది. "మోటరు అన్న్యాడా, మోతర్ అన్న్యాడా?"

"రెండూ ఒకటే గదన్నా."

"ఒకటెట్లయితాదబ్బా! ఈడ మోతర్ అంటే కారు! ఆయప్ప కొత్త కారు కనపడక నిన్నడిగింటాడు. నువ్వేమో కారును పూడ్చిపెట్టి దానిమింద పండుకుంటాండానంటివి!"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. సుబ్బయ్య నోరు మంచిదే, వచ్చిన చిక్కల్లా భాషతోనే. ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు, ఇఖామా, ఇంకా చేతికి కూడా రాలేదు. కారు దొంగ అని సాగనంపితే కువైత్ సంగతి అటుంచి, ఊళ్లో తలెత్తుకుని తిరగడం ఎలా?

"ఫోను చెయ్యన్నా, నువ్వన్నా చెప్పు!"

బాషా మూడుసార్లు చేశాడు. బాబా ఎత్తలేదు. నాలుగోసారి చేస్తుండగానే దూరంగా దుమ్ము లేచింది. అరగంట కూడా కాలేదు, పోలీసు జీపు వచ్చి ఆగింది. అందులోంచి బాబా ఉరికినట్టు దిగాడు. వెనకాలే ఒక పోలీసు అధికారి దిగాడు.

సుబ్బయ్య నోటితో పని పెట్టుకోలేదు. చాప తీసి అవతల పారేసి పార అందుకున్నాడు. ఆగకుండా తవ్వాడు. బాబా గుండె మీద చెయ్యి వేసుకుని చూస్తున్నాడు. అధికారి మాత్రం గొయ్యి వెడల్పు చూసి, బాబా ముఖం చూసి, మీసాల కింద నవ్వు ఆపుకుంటున్నాడు. ఇందులో కారు పట్టాలంటే దాన్ని మడత పెట్టాలి.

టార్పాలిన్ బయటపడింది. బాషా గబగబా అరబ్బీలో జరిగిందంతా చెప్పాడు. చెబుతుండగానే బాబా ఫోను మోగింది. తమ్ముడట. పొద్దున్నే కారు తీసుకెళ్లి టైర్లు మార్పిస్తున్నాడట, చెప్పడం మరిచిపోయాడట.

ఇంకేముంది, బాబా పొట్ట పట్టుకుని నవ్వాడు. అధికారి జీపుకు ఆనుకుని నవ్వాడు. బాబా వచ్చి సుబ్బయ్య తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. హమ్మయ్య! సుబ్బయ్యకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఊపిరి ఆడడమంటే ఇంత హాయిగా ఉంటుందని ఆ పూటే తెలిసింది.

"ఈ ఎడారి మొత్తంలో దొంగలకు దక్కని జనరేటరు నాదొక్కటే!" అని బాబా అధికారితో గొప్పలు పోయాడు. బాషా ఆ మాట సుబ్బయ్యకు తెలుగులో చెప్పి వీపు చరిచాడు.

అధికారి కూడా చెయ్యి వేసి జనరేటరును పైకి లాగాడు. అడుగున పట్టిన ఇసుక రాలేందుకు సుబ్బయ్య దాన్ని పక్కకు పడుకోబెట్టాడు. అడుగు రేకు మీద ఏవో అరబ్బీ అక్షరాలు గీసి ఉన్నాయి. అధికారి వంగి వాటిని బొటనవేలితో తుడిచి చదివాడు. నవ్వడం మానేశాడు. నిలబడి బాబాను మెల్లగా ఏదో అడిగాడు.

"సూక్ జుమా" అన్నాడు బాబా. శుక్రవారం సంతలో కొన్నానని. అన్న మాటే మళ్లీ అన్నాడు. ముఖంలో ఇందాకటి కళ లేదు.

సుబ్బయ్య బాషా పక్కకు జరిగాడు. "మళ్లా నేనేమన్నా తప్పు చేసినానా బాషన్నా?"

"నువ్వేం చెయ్యలేదులేబ్బా, గమ్మునుండు" అన్నాడు బాషా గుసగుసగా. "ఆ గీసింది పోలీసాయప్ప కూతురు పేరంట. పోయిన చలికాలంలో ఆయప్ప గుడారంలోంచి దొంగలు ఎత్తకపోయిన జనరేటరు ఇదేనంట."