తండ్రి సంతకం

ఆ బడిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆడపిల్లలందరికీ ఆయన కీబోర్డు తాతయ్య.

కంప్యూటర్ల గదికి కాపలా, మరమ్మతు, దుమ్ము దులపడం అన్నీ ఆయనే. ముప్పై ఏళ్ళు టైపు మిషన్లు బాగుచేసిన చేతులాయె, ఊరికే ఉండమంటే ఉంటాయా? వారానికోసారి కీబోర్డుల మీటలన్నీ ఊడదీసి, బ్రష్షుతో తుడిచి, ఒక్కొక్కటే మళ్ళీ బిగిస్తాడు. చేతులు పనిలో ఉంటే నోరు కూతురి మీద ఉంటుంది.

"మా అమ్మాయి కూడా ఈ బడే. ఇప్పుడు పెద్ద ఇంజినీరు. ఎనిమిదో అంతస్తులో ఆఫీసు, కిటికీ పక్కన సీటు."

"ఈ ముక్క వందసార్లు చెప్పారు తాతయ్యా!"

"నూట ఒకటోసారి వింటే అరిగిపోతారా ఏంటి?"

పోయిన వారం ఆయన కళ్ళు మోసం చేశాయి. ఒక కీబోర్డులో ఎం మీట ఉండాల్సిన చోట ఎన్, ఎన్ చోట ఎం బిగించేశాడు. తెల్లారి గోలే గోల. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా మిషను తప్పంటోంది. ఇక ఇది పోయినట్టేనని టీచరమ్మ కూడా తేల్చేసింది.

అప్పుడు పదో తరగతి పిల్ల ఒకత్తి ముందుకొచ్చింది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్కలే తప్ప అక్షరాలు కనపడవు. అందుకని పైనున్న పేరు గడిలో అవే అక్షరాలు కొట్టి చూసింది. చూసి పకపకా నవ్వింది.

"మిషనుకేం రోగం లేదు టీచర్. తాతయ్య దీనికి కట్టుడు పళ్ళు తారుమారుగా పెట్టారు, అంతే!"

ఆ పిల్ల దర్జీ కూతురు. కీబోర్డు మీద ఆమె వేళ్ళు వాళ్ళ నాన్న కుట్టుమిషనులా పరుగెడతాయి. ఆ రోజే తాతయ్య ఆమెకు టకటక అని పేరు పెట్టేశాడు.

పదో తరగతి తర్వాత ఆడపిల్లల కోసం ఆ బడిలో ఒక కంప్యూటర్ కోర్సు ఉంది. ఇవాళ్టిది కాదు, ఇరవై ఏళ్ళ నాటిది. దాంట్లో చేరితే ఇంజినీరింగుకు దారి దొరికినట్టే. ఫారం మీద తండ్రి సంతకం లేకపోతే మాత్రం చేర్చుకోరు. ఆ నియమమూ ఇరవై ఏళ్ళ నాటిదే.

గడువు శనివారం నాలుగింటికి ముగుస్తుంది. మూడు దాటినా టకటక కంప్యూటర్ల గదిలో ముఖం వేలాడేసుకుని కూర్చునే ఉంది.

"నాన్న పెట్టనన్నాడు తాతయ్యా. రాత్రి డ్యూటీలట, అందరూ మగవాళ్ళేనట, మనకొద్దట. ఇక నేను షాపులో గుండీలు కుట్టుకోవడమే."

ఆయన బ్రష్షు పక్కన పెట్టాడు. మీటలు సగం ఊడదీసిన కీబోర్డును అలాగే వదిలేసి లేచాడు.

"పద."

షాపులో దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని కోటు చేతులు కొలుస్తున్నాడు. వీళ్ళిద్దర్నీ చూడగానే సూదులు తీసి డబ్బాలో వేశాడు.

"కూర్చోండి పెద్దాయనా. ఆ ఫారం సంగతి తప్ప ఏదైనా మాట్లాడండి."

"ఆ సంగతే మాట్లాడతాను. నాకూ కూతురుంది బాబూ. నువ్వన్న మాటలే పొల్లుపోకుండా నేనూ అన్నాను. ఆడపిల్లకెందుకన్నాను. నలుగురూ ఏమనుకుంటారన్నాను. పాపం, పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది! గడువు అయిపోతుందనగా పెన్ను తీసి గీకి పారేశాను. ఇప్పుడు చూడు, ఎనిమిదో అంతస్తు. రోజూ సాయంత్రం ఫోను. 'నాన్నా, తిన్నావా?' అని అడగందే పడుకోదు."

దర్జీ కాస్త మెత్తబడ్డాడు. "అయితే ఒక్కసారి ఫోన్ కలపండి. ఆ రాత్రి డ్యూటీల సంగతేదో ఆ అమ్మాయినే అడుగుతాను."

టకటక కళ్ళు వెలిగాయి. తాతయ్య మాత్రం ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత ఫోన్ తీసి, చూసుకోకుండానే నంబరు నొక్కాడు. అవతల మోగింది. మోగి మోగి ఆగిపోయింది.

"పనిలో ఉంటుంది," అన్నాడు.

మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. గోడ గడియారంలో నాలుగుకు పావుగంట తక్కువ.

"నాలుగు దాటితే మళ్ళీ రాదు బాబూ," అన్నాడు తాతయ్య. కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకోబోయి, కళ్ళే తుడుచుకున్నాడు.

దర్జీ కంగారుపడిపోయాడు. "అయ్యయ్యో, ఇదేంటి పెద్దాయనా! మా పిల్ల కోసం మీరు ఏడవడమేంటి! ఏదీ, ఆ కాగితం ఇటు తేవే."

సుద్దముక్క పక్కన పడేసి, పెన్ను అందుకుని, బట్ట కత్తిరించేటప్పుడు చూసినంత జాగ్రత్తగా గీత చూసుకుని మరీ సంతకం చేశాడు. టకటక ఆ కాగితం లాక్కుని బడి వైపు ఒకటే పరుగు. చెప్పుల్లో ఒకటి షాపు మెట్ల మీదే ఉండిపోయింది.

సాయంత్రం తాతయ్య తన ఒంటరి గది తాళం తీశాడు. గిన్నెలో మిగిలిన అన్నం పెట్టుకుని, కంచం పక్కనే ఫోన్ పెట్టుకుని తిన్నాడు. ఫోన్ మోగలేదు. చేయి కడుక్కుని, మంచం కింది రేకు పెట్టె లాగి, టైపు మిషన్ల పనిముట్ల అడుగునుంచి మడతల దగ్గర చిరుగుపట్టిన ఒక ఫారం తీసి దీపం కింద పరిచాడు.

అందులో కూతురి పేరు ఉంది, అదే బడి ముద్ర ఉంది, పద్దెనిమిదేళ్ళ కిందటి తేదీ ఉంది. తండ్రి సంతకం చేయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది.