గరగర మేస్త్రి

"ఈ జీపులో వైర్‌లెస్ సెట్ వేస్తే గరగర తప్ప ఇంకేమీ వినపడదమ్మా. ముందే చెబుతున్నాను," అన్నాడు కెప్టెన్.

ఆమె తల ఊపింది. పనిముట్ల పెట్టె నేల మీద పెట్టి, షెడ్డులో దుమ్ము పట్టి ఉన్న జీపు చుట్టూ ఒకసారి తిరిగింది.

అతను రక్షణ దళానికి కెప్టెన్. ఆమె వైర్‌లెస్ మెకానిక్. ఆమె ఎవరో అతనికి తెలియదు. అతనెవరో ఆమెకు బాగా తెలుసు.

వరదలు వచ్చిన ఏడాది, కొండకు అవతల వంతెన మీద ఒక లారీ చిక్కుకుపోయింది. అందులో ఉన్న డ్రైవరూ, అతని తమ్ముడూ సాయం కోసం వైర్‌లెస్‌లో మొత్తుకున్నారు. ఎక్కడో పదుల మైళ్ళ అవతల ఉన్న స్టేషన్‌కు ఆ పిలుపు అందింది. అక్కడివాళ్ళు వచ్చి చేరేలోపు ఏమీ మిగిలేలా లేదు. కొండకు ఇవతలే, ఈ జీపులో కూర్చున్న కెప్టెన్ మాత్రం కదల్లేదు. లారీ కొట్టుకుపోయింది.

విచారణలో అతను ఒకే మాట మీద నిలబడ్డాడు. "ఇంజిన్ వేస్తే చాలు, సెట్ నిండా గరగర. నాకేమీ వినపడలేదు. బిగించిన మేస్త్రిని అడగండి."

మేస్త్రి ఏదో చెప్పబోయాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. ఉద్యోగం పోయింది. ఊరు ఊరంతా ఆయనకు గరగర మేస్త్రి అని పేరు పెట్టింది. కూరగాయలకు వెళ్ళినా వెనక నుంచి ఎవరో ఒకరు గొంతుతో గరగరమనేవారు. ఆయన బయటికి రావడం మానేశాడు. తరవాత మాట్లాడడం మానేశాడు. ఒక ఉదయం లేవడం కూడా మానేశాడు.

ఆయన కూతురే ఈమె.

విచారణ ముగిసిన రోజే జీపును షెడ్డులోకి నెట్టి తాళం వేశారు. ఇన్నాళ్ళకు కొత్తగా వచ్చిన పై అధికారిణి, వానలు మొదలయ్యేలోగా అది మళ్ళీ రోడ్డెక్కాలని పట్టుపట్టింది. కెప్టెన్‌కు పై పదవి ఇవ్వడం ఆ సెట్ పలకడం మీదే ఆధారపడి ఉంది. అందుకే అతను కొత్త బ్యాటరీ వేయించి మరీ మెకానిక్‌ను పిలిపించాడు.

"ఇంతకీ ఈ గోల ఎలా పోతుంది?" అడిగాడు.

"ఇంజిన్, ఆల్టర్నేటర్, వైపర్ మోటారు, దేని గోల దానిది సార్. బానెట్, తలుపులు, సైలెన్సర్ అన్నీ రాగి పట్టీలతో ఛాసిస్‌కు కలిసి ఉండాలి. ఆల్టర్నేటర్ తీగకు ఫిల్టర్ ఉండాలి. సెట్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే రావాలి."

"అంటే ఆ ముసలాడు ఇవేమీ చెయ్యకుండానే చేతులు దులుపుకున్నాడన్నమాట."

ఆమె స్క్రూడ్రైవర్ పిడిని గట్టిగా పట్టుకుంది. "ఎవరు సార్?"

"ఉండేవాడులే ఒకడు. పోయాడు."

ఆ సాయంత్రం సంగతి తెలిసి తల్లి కంచం పక్కకు తోసేసింది.

"మీ నాన్నను చంపినవాడి జీపు బాగుచేస్తావా? వాడు పెద్ద కుర్చీ ఎక్కడానికి నువ్వు నిచ్చెన వేస్తావా?"

"కాస్త ఓపిక పట్టమ్మా."

"నీ ఓపిక నువ్వే ఉంచుకో," అంది తల్లి. ఆ తరవాత కూతురితో మాట్లాడలేదు.

ఆ వారమంతా ఆమె షెడ్డు తలుపులు మూసుకుని లోపలే ఉంది. ఇంజిన్ శబ్దం వచ్చేది, ఆగేది, మళ్ళీ వచ్చేది. ఒకరోజు జీపు కింద పడుకుని ఉండగా బ్రేకు పైపు ఆమె కళ్ళెదుటే కనబడింది. చెయ్యి రెంచి మీదికి వెళ్ళింది. కొండ దారి, వాలు, లోయ అన్నీ కళ్ళముందు తిరిగాయి. చాలాసేపు అలాగే చూసింది. తరవాత రెంచిని పెట్టెలో వేసేసింది. వాడు చస్తే ఆమె పగ తీరదు.

కెప్టెన్ తలుపు తోసుకుని లోపలికి తొంగిచూశాడు. ఆమె చేతులూ మోచేతులూ మసిమసిగా ఉన్నాయి.

"ఎంతవరకు వచ్చిందమ్మా?"

"గరగర ఎక్కడినుంచి వస్తోందో తెలిసింది సార్."

"ఎక్కడినుంచి?"

"బయటికి లాగి అందరికీ చూపిస్తాను."

అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజు ఆమె ఒక్కటే కోరింది. "గోల ఎక్కడ ఎక్కువగా ఉండేదో అక్కడే చూద్దాం సార్. వరద రోజున మీరు ఆగిన మలుపు దగ్గరే ఆగండి. ఇంజిన్, వైపర్లు, లైట్లు, ఫ్యాను అన్నీ వేసే ఉంచండి."

అధికారిణి బండిలో ఆమె కొండ దాటి వెళ్ళింది. విరిగిన వంతెన దగ్గర దిగారు. ఆనాటి లారీలో ఉన్నటువంటి చిన్న సెట్టే మెకానిక్ చేతిలోకి తీసుకుంది. నది వైపు చూస్తూ, దాదాపు గుసగుసగా మాట్లాడింది.

"ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఒడ్డున ఎవరూ లేరు. వినపడితే చెప్పండి."

వెంటనే కెప్టెన్ గొంతు పలికింది. "గాలి ఎక్కువ, నీళ్ళు తక్కువ, ఒడ్డున ఎవరూ లేరు. అంతేనా? అన్నీ వేసే ఉంచాను. నువ్వు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోందమ్మా. గరగర అన్న మాటే లేదు."

"నిజంగానేనా కెప్టెన్?" అధికారిణి మైకు అందుకుని అడిగింది.

"ఒట్టు మేడమ్. కావాలంటే రాసి సంతకం పెట్టి ఇస్తాను."

అధికారిణి సంతోషంగా మైకు తిరిగి ఇచ్చింది. "భలే పని చేశావమ్మా. ఇంతకీ ఆ జీపులో ఏమేం మార్చావు?"

ఆమె మైకు మీట నొక్కింది. కొండకు అవతల ఉన్నవాడికీ ప్రతి మాటా అందేలా, నింపాదిగా జవాబు చెప్పింది.

"ఏమీ మార్చలేదు మేడమ్, ఒక్క మర కూడా విప్పలేదు, వరద రోజున మా నాన్న బిగించిన సెట్ ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."