మోగని బండ

"మా మామ గీ గదులు ఒంటిగాళ్ల కోసమే కట్టిండు. ఇంకొకరు కనవడితే ఖాళీ చేయాలె భాయ్," అని తాళంచెవి ఇచ్చి వెళ్లింది కౌసల్యమ్మ.

తాండూరులో పొద్దంతా నాపబండలు పాలిష్ పట్టి వచ్చిన ఇమాముద్దీన్ లోపల గడియ పెట్టాడు. మంచానికి బదులు రెండు దిమ్మెల మీద ఒక్క మనిషి పట్టేంత బండ పరిచి ఉంది. పగులుందేమోనని అలవాటుగా వేలి కణుపుతో తట్టాడు. ఉత్త బండ ఖంగున మోగాలి. ఇదేమో పైన ఎవరో పడుకున్నట్టు మొద్దుగా పలికింది. తడిమితే ఏమీ తగల్లేదు.

భయపడటానికి కూడా ఓపిక లేదతనికి.

"జర జరుగు భాయ్. మస్తు అలిసిపోయిన."

కాసేపాగి మళ్లీ తట్టాడు. ఈసారి బండ ఖంగుమంది.

తలుపు గడియ మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.