ఖాళీగానే ఉంటామండి

కొత్త మనిషి చెప్పుల చప్పుడు వినపడితే చాలు, మొగల్తూరు దగ్గరి ఆ వీధిలో లేసు మాయమైపోయేది.

సగం అల్లిన లేసు దిండు కిందకి, దారం ఉండ బియ్యం డబ్బాలోకి, సూది సిగలోకి వెళ్ళిపోయేవి.

అది ఆ వీధి ఆచారం. తెల్లారి లేచిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా ఆడవాళ్ళు లేసు అల్లుతారు. పని చేస్తామని మాత్రం చెప్పరు. పని చేసేది కూలివాళ్ళు. వీళ్ళు పరువు గల ఇళ్ళ ఆడవాళ్ళు, ఏదో కాలక్షేపానికి అల్లుకుంటారు. ఆ కాలక్షేపంతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతోందని వీధిలో పిల్లులకి కూడా తెలుసు, మగవాళ్ళకి తప్ప.

ఒక మధ్యాహ్నం సూర్యకళ ఇంటి ముందు ఒక పెద్దావిడ ఆగింది. నెరిసిన జుట్టు, నేత చీర, భుజాన సంచి. ఎండలో నడిచి వచ్చినట్టుంది, మంచినీళ్ళు అడిగింది.

చెంబు అందుకుని, తాగకుండా అడిగింది.

"నువ్వేం పని చేస్తావమ్మా?"

"ఏం చేయమండి. ఖాళీగానే ఉంటాం."

పెద్దావిడ నవ్వలేదు. "సిగలో సూది జారుతోంది, చూసుకో" అంది నెమ్మదిగా.

సూర్యకళ చెయ్యి తల మీదికి వెళ్ళింది.

పెద్దావిడ అరుగు మీద కూర్చుని విడమరిచి చెప్పింది. లేసు అల్లేవాళ్ళకి కార్మిక శాఖ కార్డులిస్తోందట. కార్డుంటే కంటి ఆపరేషను ఉచితం. ఆడపిల్లలకి ట్రైనింగు, తర్వాత లేసు సెంటర్లో ఉద్యోగం. శుక్రవారం ఆఫీసువాళ్ళు పేర్లు రాసుకోడానికి వస్తారు.

"పని చేస్తామని మీ నోటితో మీరు చెప్పాలమ్మా. ఆ ఒక్క మాట చాలు."

సూర్యకళకి అత్తగారి కళ్ళు గుర్తొచ్చాయి. వీరమ్మ పావడాలు కట్టే వయసు నుంచీ లేసు అల్లుతూనే ఉంది. ఇప్పుడు మనుషుల్ని గొంతును బట్టే పోల్చుకుంటోంది. త్వరగా ఆపరేషను చేయించమని డాక్టరు చెప్పి చాలా రోజులైంది.

ఆ మాట అడుగుదామని నోరు తెరిచేలోపే లోపలి నుంచి వీరమ్మ పిలిచింది.

"సూర్యకళా, తలుపెయ్యి. మనం పనిచేసేవాళ్ళం కాదని చెప్పి పంపించెయ్యి."

పెద్దావిడ ఆ గొంతు వచ్చిన వైపు, గోడ తడుముకుంటూ నిలబడ్డ వీరమ్మని చాలాసేపు చూసింది.

"ఆవిడకి కళ్ళు ఆనవా?"

సూర్యకళ సిగ్గుపడుతూనే తలుపు వేసింది. సందులోంచి చూస్తే పెద్దావిడ చెంబెడు నీళ్ళూ తాగి, చెంబు అరుగు మీద బోర్లించి వెళ్ళిపోతోంది.

"నీళ్ళు తాగిందా?" అని అడిగింది వీరమ్మ.

"తాగిందండి."

వీరమ్మ ఆ పూట మళ్ళీ సూది పట్టలేదు. విసుగేమో అనుకుంది సూర్యకళ.

శుక్రవారం ఆఫీసువాళ్ళు వచ్చారు. సూర్యకళ మొగుడు సత్తిరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా ఆడవాళ్ళని కూలోళ్ళ కింద రాసేస్తారాండి? రేపు మా పిల్లకి సంబంధాలొస్తాయా?"

లేసు ఏజెంటు బుల్లిరాజు వంత పాడాడు. కార్డులొస్తే రేటు పెంచమంటారని అతని బెంగ అతనిది. వీధి వీధంతా ఒకే మాట చెప్పింది, ఖాళీగానే ఉంటామండి అని. ఆఫీసువాళ్ళు టీ తాగి వెళ్ళారు.

కాలవ అవతలి ఊరి ఆడవాళ్ళు ఆ ఒక్క మాట చెప్పారు. వాళ్ళకి కార్డులొచ్చాయి. వాళ్ళ పిల్ల దీవెన ట్రైనింగు అయ్యి, నరసాపురం సెంటర్లో పాఠం చెబుతోంది. వాళ్ళ ముసలమ్మలు కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని చర్చికి నడిచి వెళుతున్నారు.

పెద్దావిడ మళ్ళీ ఈ వీధికి రాలేదు.

మరుసటి వానాకాలానికి వీరమ్మకి చూపు పూర్తిగా పోయింది. నరసాపురం తీసుకెళితే, కిందటేడు తెచ్చుంటే నిలిచేదన్నాడు డాక్టరు. సూర్యకళకి ఏడుపు కూడా రాలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని ఆస్పత్రి నుంచి సరాసరి కార్మిక శాఖ ఆఫీసుకి నడిచింది. ఇప్పుడెందుకు వెళుతోందో ఆమెకే తెలీదు.

వీరమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికెళ్ళి, సిగలోంచి సూది తీసి బల్ల మీద పెట్టింది.

"మేమూ పనిచేస్తామండి."

జయపాల్ అనే గుమస్తా ఆ సూదిని చూసి, ఏ వీధి అని అడిగాడు. చెప్పింది. కుర్చీ చూపించి, మళ్ళీ ఎప్పుడు రాస్తారో తెలీదన్నాడు.

"మీ వీధికొచ్చిన ఆ పెద్దావిడ, చిన్నమ్మాయి గారు, మీ గురించి మమ్మల్ని కూర్చోనిచ్చేవారు కాదండి. వాళ్ళు దాచుకుంటారు, మళ్ళీ వెళ్ళండి అనేవారు."

"ఆవిడ మీ ఆఫీసరు గారాండి?"

"ఉద్యోగమేం లేదండి. ఇంట్లో అల్లేవాళ్ళు కూడా కార్మికులేనని ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. ఈ కార్డులు ఆవిడ పుణ్యమే. మొన్న వేసవిలో పోయారు."

సూర్యకళ సూది తీసుకుని బయటికొచ్చి, అత్తగారి పక్కన కూర్చుంది. వాన మొదలైంది.

"ఆ రోజు మంచినీళ్ళు అడిగినావిడ పోయిందటండి."

"చిన్నమ్మాయా?" అంది వీరమ్మ.

"పేరు మీకెలా తెలుసండి?"

వీరమ్మ వేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి. సూది లేదు, దారం లేదు, అల్లుతూనే ఉన్నాయి.

"గొంతు వినగానే తెలిసింది. మా నాన్న పోయిన ఏడు ఇంట్లో గింజల్లేక నాట్లకెళ్ళింది. అది తెచ్చిన బియ్యం వండుకు తిని, కూలికెళ్ళిన మనిషని వీధితో పాటు మేమూ తలుపేసుకున్నాం."

వాన చప్పుడు వైపు మొహం తిప్పుకుని అంది.

"అది నా చెల్లెలు."