వీపు మీద చెయ్యి

ఆ ఉదయం గాలి లేదు.

సముద్రతీరపు ఫ్రీస్లాండ్‌లో గాలి లేని రోజంటే వింతే. అక్కడ సైకిలు తొక్కేవాళ్ళందరికీ ఎదురుగాలితోనే తగువు. తొక్కలేక అవస్థపడే వాళ్ళ వీపు మీద చెయ్యి వేసి, పక్క సైకిలు మీదివాళ్ళు తోసుకుపోతారు. దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

కానీ ఆ ఉదయం కాలువలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి.

హిల్కె రొట్టెల దుకాణంలో పని చేస్తుంది. గుమ్మంలోకి వచ్చి చూస్తే, కాలువ గట్టు మీద తన కూతురు నింకె బడికి పోతోంది. పక్కనే ముప్పై దాటిన మగమనిషి ఎవరో, ఒంటి చేత్తో తన సైకిలు నడుపుతున్నాడు. రెండో చెయ్యి నింకె వీపు మీద ఉంది.

గాలే లేనప్పుడు ఆ చేతికి అక్కడేం పని?

కన్నతల్లికి ఇంకేం తోస్తుంది? చేతులకున్న పిండి కూడా దులుపుకోకుండా పోలీసులకు ఫోన్ చేసింది.

స్టేషన్‌లో పోలీసులు పేరడిగితే అతను వీబ్రెన్ అన్నాడు. ఆ పిల్లతో ఏం పని అంటే, పిల్లనే అడగమన్నాడు. నింకెను అడిగితే నేల చూపులు చూసింది. ఆ మౌనాన్ని హిల్కె తనకు తోచినట్టే అర్థం చేసుకుంది.

"మళ్ళీ నా బిడ్డ దరిదాపుల్లో కనిపించావో, ఊరుకోను."

"కనిపించనండి. కానీ పిల్లని ఆ గట్టు మీద ఒంటరిగా పంపకండి."

"అది నువ్వు చెప్పాలా నాకు?"

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే నింకె తరగతి కుర్రాళ్ళు ఆమెను సైకిలుతో సహా కాలువలోకి తోసేశారు. ఎవరో పాడి రైతు చూసి బయటికి లాగాడు కాబట్టి బతికింది. మునుగుతుంటే తీసిన వీడియో చూసి బడి బడంతా నవ్వింది. పిల్లలన్నాక ఆటపట్టించుకోరా అన్నాడు పెద్ద మాస్టారు. తన పిల్లయితే తెలిసేది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది.

"ఆ రోజు దారిలో ఆపి నా సైకిలు చెయిను తెంపేశారమ్మా. తొక్కడానికి లేదు. అందుకే ఆయన తోసుకుంటూ తీసుకెళ్ళాడు."

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు బడికొచ్చి గొడవ చేస్తావు. తర్వాత వాళ్ళు నన్ను బతకనివ్వరు."

రోజూ అతను కాస్త వెనకగా వచ్చేవాడట. అతను ఉంటే కుర్రాళ్ళు దగ్గరికొచ్చేవాళ్ళు కాదట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది హిల్కె పని.

నింకె మంచం దిగడం మానేసింది. బడి మాన్పిస్తే ప్రభుత్వం ఊరుకోదు. వేరే బడిలో చోటు వచ్చే ఏడాదిదాకా లేదన్నారు. హిల్కె చీకటితోనే దుకాణంలో రొట్టెల పొయ్యి దగ్గర ఉండాలి, లేకపోతే పని పోతుంది.

"ఆయన వెనక వస్తేనే వెళ్తా," అంది నింకె గోడవైపు తిరిగి. "లేకపోతే ఈసారి నేనే దూకుతా."

హిల్కె పోలీసుల్ని బతిమాలింది. అతని చిరునామా ఇవ్వడం కుదరదన్నారు.

ఆ ఆదివారం టీవీలో ఒక సినిమా వచ్చింది. పక్క ఊరి ఔకె కథ. చాలా ఏళ్ళ కిందట తోటి పిల్లల వేధింపులకు ఇదే కాలువలో ప్రాణం పోగొట్టుకున్న కుర్రాడు. సినిమాలో అతనికో అన్న ఉన్నాడు. తమ్ముణ్ణి కాపాడుకోలేకపోయానని ఏడుస్తాడు.

నింకె లేచి కూర్చుంది.

"ఆయనా ఇదే చెప్పాడమ్మా. ఈ గట్టు మీద ఒకబ్బాయి వెళ్ళేవాడట. వాణ్ణి తల్చుకోని రోజు లేదట."

ఇంకేముంది, మనిషి దొరికాడనుకుంది హిల్కె. మర్నాడే పూలు పట్టుకుని ఔకె ఇంటికి పరిగెత్తింది. ముసలి తండ్రి హెస్సెల్ కాఫీ పోశాడు. అక్కడి అలవాటు ప్రకారం ఒక బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టాడు.

"మీ పెద్దబ్బాయి కాళ్ళు పట్టుకోవడానికి వచ్చానండి. ఒక్కసారి పిలవండి. నా బిడ్డ ప్రాణం ఆయన చేతిలో ఉంది."

"నాకు ఒక్కడే కొడుకమ్మా. ఆ అన్నను సినిమావాళ్ళు కల్పించారు."

హిల్కె పూలు బల్ల మీద పెట్టింది.

"మరి వీబ్రెన్ ఎవరండీ?"

ముసలాయన కప్పు కింద పెట్టాడు.

"వాడు మొన్ననే వచ్చాడు. ఇక్కడ తన అవసరం లేదట, దేశం విడిచి పోతున్నాడట. నేను వాడి మొహం మీదే తలుపు వేసేశాను."

"అయ్యో, ఎందుకండీ?"

"సినిమాలో వాడి పేరు మార్చారమ్మా," అన్నాడు హెస్సెల్. "మా ఔకెను నీళ్ళలోకి తోసింది వాడే."