దొరకని స్టూడియో

"సార్, స్టూడియో దొరుకుతలేదంటంది."

జ్యోత్స్న మూడో కంప్యూటర్ ముందర కూసోని తెర దిక్కు చూపెట్టింది. సీ నేర్పే గౌస్ ఆమె వెనక నిలబడి నీలం తెర మీది అక్షరాలు చదివిండు.

"స్టూడియో కాదు, ఎస్టీడీ ఐవో. ఫొటో దిగనీకి వచ్చినవా?" అన్నడు గానీ నవ్వలేదు. అది లేకుండ సీ ప్రోగ్రాం ఒక్క అడుగు ముందుకు పోదు. పక్క కంప్యూటర్ల చూసిండు. అదే మాట. దాని పక్కదాంట్ల చూసిండు. అదే. పదీ నిన్న పొద్దున మంచిగనే నడిచినయి.

తొమ్మిది దాటి పది నిమిషాలైంది. తెలంగాణ సమ్మె మొదలైనకాడి నుంచి కోరుట్లల కరెంటు తొమ్మిదింటికి వచ్చి పన్నెండింటికి పోతున్నది. పదింటికి జగిత్యాల నుంచి జలపతి సార్ వచ్చి సీ ప్రాక్టికల్ పరీక్ష పెట్టాలె. బందులతోని ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడ్డది. ఇయ్యాల గూడ కంప్యూటర్లు నడవకుంటె సెంటర్ రద్దు, పది మందికి ఏడాది పోయినట్టే. బస్సుల్లేక జ్యోత్స్న ముత్యంపేట నుంచి ట్రాక్టర్ మీద వచ్చింది.

"నిన్న పెన్ డ్రైవ్ పెట్టినవా?" అని అడిగిండు గౌస్.

"పెట్టిన సార్. గీ ఒక్కదాంట్లనే."

"ఇంకేంది, వైరస్ తెచ్చినవన్నట్టు."

"ఒక్కదాంట్ల పెడితె పదింటికి ఎట్ల పాకుతది సార్?"

"నడుమ వైర్లు లేవా? జలపతి సార్ అడిగితె నీ పేరే చెప్త."

జ్యోత్స్న చేతిల ఉన్న పెన్ డ్రైవ్‌ను సంచిల దాసింది.

"గా బిడ్డ మీద పెట్టకు గౌసూ," అన్నడు మూల కుర్చీల నుంచి బాపు రావు, పేపర్ దించకుండ. "ఆమె చెయ్యలె."

"మీకెట్ల తెలుసు సాబ్?"

"మొఖం చూస్తె తెలుస్తలేదా?"

గీ కంప్యూటర్ సెంటర్ బాపు రావుదే. డెబ్బై ఏండ్లు. మాట తక్కువ. ఒక్క వేలుతోని కంప్యూటర్ నేర్చుకుంటున్నడు. పోయిన వారం మనుమరాలి ఫొటోకు పేరు మార్చుడు నేర్పించుకొని, ఒక్క ఫొటోకు ఆరు పేర్లు పెట్టిండు.

బయట డప్పులు చప్పుడైనయి. ఊరేగింపు పోతున్నది. అండ్ల నుంచి ఎవరో కేకేసిండ్రు.

"ఓ దొరా, నీ బోర్డు మీద ఇంకా ఆంధ్రప్రదేశే ఉన్నదేంది?"

బజారుల అన్ని దుకాణాలు బోర్డులు తెలంగాణ అని దిద్దుకున్నయి. గిదొక్కటే మిగిలింది. గౌస్‌కు తల కొట్టేసినట్టైంది.

"పెయింటర్‌ను పిలుస్త సాబ్. మీరు ఆంధ్రోళ్ల దిక్కని అంటున్నరు. నిన్న రోడ్డు మీద వంటావార్పుకు గూడ రాకపోతిరి. అందరం పోతె మీరొక్కరే సెంటర్ల కూసుంటిరి."

"బయట దిద్దుడు ఎంతసేపు?" అన్నడు బాపు రావు. "లోపల మారాలె."

గౌస్ మళ్ల తెర దిక్కు తిరిగి ఆప్షన్లు తీసిండు. స్టూడియోను ఎక్కడ వెతకాలెనో చెప్పే దారి అండ్లనే రాసి ఉంటది. సీ డ్రైవు, ఏపీ, టీసీ, ఇంక్లూడ్. కంప్యూటర్లు పెట్టిన సిరిసిల్లాయన ఆల్ ప్రోగ్రామ్స్ అని ఏపీ పేరుతోని ఫోల్డర్ చేసి టీసీ అంటె టర్బో సీతోని సహా అన్నీ అండ్లనే పెట్టిపోయిండు. దారి ఆయన రాసినట్టే ఉన్నది. అక్షరం మారలేదు.

"విండోస్‌తోని కాదు," అన్నడు. "బంద్ చేసి మళ్ల స్టార్ట్ చెయ్. నల్ల తెర మీద రెండు పేర్లు వస్తయి. కిందిది లినక్స్. దాంట్లకు పో."

"గదొకటి ఉన్నదని ఎన్నడు చెప్పలే గద సార్."

"అవసరం పడలే."

లినక్స్‌ల స్టూడియో దొరికింది. దాని కింది వరుసల ఉన్న కోనియో దొరకలేదు.

"అది గీ ఇంట్ల ఉండదు, తీసెయ్. క్లియర్ స్క్రీన్ గూడ తీసెయ్."

"తెర తుడువకుంటె ఎట్ల సార్?"

"పొద్దుగాల వచ్చినవ్, ఏమున్నదని తుడుస్తవ్? కింద గెట్చ్ తీసెయ్."

"అది తీస్తె జవాబు గిట్ల కనిపించి గట్ల మాయమైతది సార్."

"విండోస్‌ల మనం ఆపాలె. గిక్కడ అదే ఆగుతది. వాయిడ్ మెయిన్ తీసి ఇంట్ మెయిన్ రాయి."

జ్యోత్స్న ఒక్కసారి చూసి పట్టుకున్నది. కడమ తొమ్మిది మంది దగ్గరికి తనే పోయి, ఏం తీసెయ్యాలెనో ఏం ఉంచాలెనో చెప్పుకుంట వచ్చింది.

జలపతి సార్ పదిన్నరకు వచ్చిండు. రాస్తారోకోల ఆపిండ్రట. బండి నంబరు పలక మీద ఏపీని కప్పి కొత్తగ టీజీ స్టిక్కర్ ఉన్నది.

"లినక్స్‌ల పెట్టిండ్రా?" అని కంప్యూటర్లన్ని తిరిగి చూసిండు. "జగిత్యాలలనే ఇంకా పెట్టలే."

జ్యోత్స్న ప్రోగ్రాం మొదటిసారికే నడిచింది. పదకొండున్నరకు సంతకాలైనయి, సార్ బండెక్కిండు.

"నీ మీద పెట్టుడు తప్పైంది," అన్నడు గౌస్.

"మరి ఏమైనట్టు సార్?"

"గదే చూద్దాం పా."

విండోస్‌లకు పోయి సీ డ్రైవు తెరిచిండు. పక్క కంప్యూటర్ల చూసిండు. పదీ చూసిండు. తర్వాత మూల దిక్కు తిరిగిండు.

"సాబ్, నిన్న మేమందరం వంటావార్పుకు పోతె మీరొక్కరే గిక్కడ ఏం చేసిండ్రు?"

బాపు రావు పేపర్ మడిచి ఒళ్లె పెట్టుకున్నడు.

"లోపలి పని."

"పాత పేరే పెడితె అయిపోతది గద సార్," అన్నది జ్యోత్స్న, తెర దిక్కు వంగి.

"వద్దు. దారే మారుద్దాం."

గౌస్ ఆప్షన్లు తీసి పాత దారి చెరిపి, ఒక్కొక్క అక్షరం కొట్టిండు.

సీ డ్రైవు, టీజీ, టీసీ, ఇంక్లూడ్.