పాత డిస్కు, కొత్త డిస్కు

"అక్కా, ముందే చెబుతున్నా. మీ కంప్యూటర్లో పాత డిస్కు ఇవాళో రేపో పోయేలా ఉంది, దాంట్లోంచి కొత్తదానికి కాపీ చెయ్యాలి. అటుది ఇటు అయిందో, ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుపోతుంది," అన్నాడు ఫోన్లో కంప్యూటర్ షాపతను.

ఆమె టైలరు. కాలరు ఎటు తిరగాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. కానీ షాపతనిచ్చిన పెన్‌డ్రైవు పెట్టాక తెరమీద కనబడుతున్న రెండింటిలో ఏది పాత డిస్కో, ఏది కొత్తదో ఎంతకీ బోధపడటం లేదు. పేర్లున్న చోట అంకెలూ అక్షరాలూ కలగాపులగంగా ఉన్నాయి.

"నువ్వే వచ్చి చేసిపెట్టకూడదూ, తమ్ముడూ?"

"షాపులో ఒక్కణ్ణే ఉన్నానక్కా. ఇక్కడ పడేసి వెళ్ళండి, వారంలో ఇచ్చేస్తానన్నాను కదా!"

"వారమే! అది లేకుండా మా ఆయన వారం ఉండలేరు."

అతను నవ్వాడు. "మగాళ్ళందరిదీ ఇదే జబ్బు. పోనీ పాతది వదిలేసి, కొత్తదాంట్లో అన్నీ మళ్ళీ ఎక్కించేసుకోండి. చిటికెలో పని."

"వద్దొద్దు. ఉన్నది ఉన్నట్టు రావాలి. ఆయన నెలల తరబడి కూర్చుని సర్దుకున్నది. ఒక్క ముక్క పోయినా..."

"ఇంట్లో తెలిసినవాళ్ళెవరూ లేరా?"

"ఎందుకు లేరు! మా ఆయనకి ఇవన్నీ కొట్టిన పిండి."

"ఆయన్ని పక్కన పెట్టుకుని నన్నడుగుతారేంటక్కా!"

"ఇవాళ మా మధ్య మాటల్లేవయ్యా."

"ఓహో, అదా సంగతి!" అతను గొంతు తగ్గించాడు. "సరే, షాపుకి మనుషులొచ్చారు. మళ్ళీ చేస్తా."

ఫోన్ పెట్టేసి ఆమె పక్కకి చూసింది. ఆయన కుర్చీలోనే ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. చూపు మాత్రం ఆమెను వదలటం లేదు. ఆమె కంప్యూటర్ పెట్టె మూత స్క్రూలు విప్పుతుంటే చూశాడు. కొత్త డిస్కును తిరగేసి బిగించబోయి నాలుక్కరుచుకుంటే చూశాడు. రేకు గీరుకుని వేలు తెగితే, అప్పుడూ అలాగే చూశాడు.

"అలా గుచ్చి గుచ్చి చూడకండి. అసలే నాకిది కొత్త పని," అంది.

పైనున్నదే పాతదని ఎంచుకుంది. నొక్కబోతూ ఆయన వైపు తిరిగింది.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది. కిందదాన్ని ఎంచుకుని మళ్ళీ చూసింది. అప్పటికే తెరిచిన ఆయన కళ్ళు ఈసారి మూతపడలేదు. ఇక దేవుడిమీద భారం వేసి నొక్కేసింది.

ఆకుపచ్చ గీత నత్తలా పాకింది. సగం దాటాక ఆగిపోయింది. షాపతనికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఏం ముట్టుకుంటే ఏమవుతుందో! ఆమె చతికిలబడిపోయింది.

"నా వల్ల కాదండీ," అంది, కొంగుతో మొహం కప్పుకుని. కొంగు తీసేసరికి ఆయన చూపు ఇంకా ఆమె మీదే ఉంది. "తిట్టుకుంటున్నారు కదూ! తిట్టుకోండి. అంతా నా చేతుల్లో పెట్టిన మీ ఖర్మ."

ఎంతసేపటికో గీత మళ్ళీ కదిలింది. చివరిదాకా పాకింది. ఆమె పాత డిస్కు ఊడదీసి, కంప్యూటర్ ఆన్ చేసింది.

తెర నల్లగా ఉండిపోయింది.

అప్పుడు మోగింది ఫోను. షాపతనే; తెర నల్లబడిందని చెప్పింది.

"కంగారు పడకండక్కా. కొత్తదాని కేబులు వదులై ఉంటుంది. ఆపి, గట్టిగా నొక్కి చూడండి."

నొక్కి మళ్ళీ ఆన్ చేసింది. దీపం వెలిగింది. తెరమీద బొమ్మలన్నీ ఎక్కడివక్కడ, ఉన్నవి ఉన్నట్టుగా వచ్చి నిలబడ్డాయి.

"వచ్చిందండీ!" అని అరిచి, తెరను ఆయన వైపు తిప్పి ఎదురుగా కూర్చుంది.

తెర అడుగునున్న చిన్న కెమెరా ఆయన చూపు ఆగిన అక్షరాలను ఒక్కొక్కటే ఏరి పేర్చాక, రెండేళ్ళుగా కళ్ళు తప్ప మరేదీ కదపలేని ఆయన తరఫున కంప్యూటర్ నోరు విప్పింది: "పొద్దుటి నుంచీ వీపు కింద దిండు జారిపోయి నొప్పెడుతోంది, కాస్త సరిచెయ్యవూ."